ట్రాఫిక్ స్తంభించిపోవడానికీ, ప్రభుత్వంలో పనులు ఆగిపోవడానికీ పోలిక ఉందా?

ఉంది. రెండు చోట్లా ఎవరి లెక్కలో వాళ్లు సరిగ్గానే ఉంటారు, మొత్తం మాత్రం కదలదు.

పచ్చలైటు ఉంది కదా అని, అవతల ఖాళీ లేకపోయినా బండి ముందుకు తీస్తారు. లైటు మారేసరికి అది కూడలి నడుమ ఇరుక్కుని అడ్డంగా వచ్చేవాళ్లను ఆపుతుంది. వాళ్ల వరుస వెనక కూడలి దాకా పెరుగుతుంది. ఇలా నాలుగు కూడళ్లు ఒకదాన్నొకటి మూసేశాయంటే ఇక ఏ బండీ తనంతట తాను బయటపడలేదు. బ్రిటన్‌లో 1967 నుంచి కూడళ్లలో పసుపు గళ్లు గీస్తున్నది ఇందుకే. బయటికి దారి ఉంటేనే గళ్లలోకి వెళ్లాలి.

ప్రభుత్వంలో ఇరుక్కునేది అనుమతుల దగ్గర. అమెరికాలో బడ్జెట్‌కు మామూలుగా రెండు సభలూ, అధ్యక్షుడూ ఒప్పుకోవాలి. ఎగువ సభ అయిన సెనేట్‌లో చాలా బిల్లులపై చర్చ ముగించడానికే 100లో 60 ఓట్లు కావాలి. మెక్సికో సరిహద్దు గోడ నిధులపై ఎవరూ పట్టు వీడక, ఖర్చుకు ఆమోదం దొరక్క 2018 డిసెంబరు నుంచి 35 రోజులు ప్రభుత్వం పాక్షికంగా మూతపడింది. పంతం నాయకులది, జీతం అందకుండా డ్యూటీ చేసింది విమానాశ్రయ తనిఖీ సిబ్బంది. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

అలాగని అడ్డుకునే హక్కులన్నీ తీసేయకూడదు, తొందరపాటు చట్టాలను ఆపేవి అవే. పంతం సాగినా సేవలు ఆగని ఏర్పాటు ఉండాలి. బెల్జియంలో 2010-11లో 541 రోజులు పూర్తిస్థాయి ప్రభుత్వమే లేదు. అయినా పాత బడ్జెట్ ఆధారంగా నెలనెలా ఖర్చుకు వీలుండటంతో ఆఫీసులు నడిచాయి.