ఒళ్లు పెద్దది, వయసు చిన్నది

చిరంజీవి చిన్నాకు అత్తయ్య ఆశీస్సులు.

మీరు గ్రేట్ డేన్ కుక్కపిల్లను తెచ్చుకున్నారని, పిల్లలు దానికి భీముడని పేరు కూడా పెట్టేశారని వదిన ఫోనులో చెప్పింది. ఫొటోలో ఆ పాదాలు చూస్తేనే తెలుస్తోంది, రేపు ఎంతవాడవుతాడో. ముందే ఒక మాట అడిగి ఉంటే మీ ఇంటికి ఇంకాస్త చిన్న జాతిని చెప్పేదాన్ని. తెచ్చేశారు కనుక ఆ సంగతి వదిలేద్దాం. ఎనిమిది వారాలు నిండాకే తెచ్చారట, అది మంచి పని. అంతకన్నా చిన్న పిల్లలను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాల మీద వచ్చిన 2017 నిబంధనల్లోనే ఉంది, పాటించేవాళ్లే తక్కువ.

పెద్దజాతి కుక్కలను పెంచే ఇళ్లలో చిక్కు ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. ఆరు నెలలకు వాడు దాదాపు 40 కిలోలు తూగుతాడు. చూసేవాళ్లకు పెద్ద కుక్కే. నిజానికి అప్పటికి వాడికి పాలపళ్లు ఊడటం పూర్తవుతూ ఉంటుంది, అంతే. ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. బుద్ధి కుదురుకోవడానికీ అంతే. ఇంట్లోవాళ్లు ఒళ్లు చూసి వయసు మరిచిపోతారు. ఇంత ఉన్నాడు, ఇంకా చెప్పుల జత కొరుకుతాడేమిటని విసుక్కుంటారు, ఇంత ఉన్నాడు కదా అని బండి వెనక పరుగెత్తిస్తారు. నేను చెప్పేవన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూ తిరిగేవే.

ముందు తిండి. వీధిలో ప్రతి ఒక్కరూ కాల్షియం సిరప్ పోయమంటారు, ఎముక గట్టిపడుతుందంటారు. పొయ్యకు. ఈ వయసులో కుక్కపిల్ల పేగులకు ఎక్కువైన కాల్షియాన్ని వద్దనే శక్తి ఉండదు, పెట్టినదంతా ఒంట్లోకి లాగేసుకుంటాయి. అప్పుడు ఎముక గట్టిపడటం మాట అటుంచి, కాళ్లు వంకర పోతాయి, కీళ్లు చెడతాయి. పెద్దజాతి పిల్లల కోసమే తయారుచేసిన ఆహారం దొరుకుతుంది, అందులో కాల్షియం కొలతగా ఉంటుంది, పైన ఏ పొడీ కలపనక్కర్లేదు. పెరుగన్నంతో పెంచేద్దామని వదిన అంటుంది, నాకు తెలుసు. ఎండాకాలం నాలుగు ముద్దలు పెడితే తప్పులేదు గానీ, దానితోనే ఇంత ఒళ్లు పెరగదు. బొద్దుగా ఉండాలన్న ఆశ కూడా మానుకోండి. పక్కటెముకల మీద చెయ్యి వేసి నిమిరితే ఒక్కొక్కటీ వేలికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనబడాలి. బక్కగా ఉన్నాడేమిటని చుట్టాలు అంటారు, అననివ్వండి. నెమ్మదిగా పెరిగితే ఎత్తేమీ తగ్గదు, రావలసిన ఎత్తు కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉల్లి దగ్గరికి రానివ్వకండి. పండగ పాయసంలో కిస్మిస్ ఉంటుందని పిల్లలకు మరీ మరీ చెప్పాలి, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉడికిన కోడి ఎముకలు కూడా వద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

మీ ఇంట్లో నన్ను భయపెట్టేది ఆ గ్రానైటు నేల. భీముడు పరుగెత్తుకొచ్చి ఆగబోతాడు, వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారతాయి, చతికిలబడతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. తుంటి కీలు అమరుతున్న వయసులో రోజుకు పదిసార్లు అలా జారడం నవ్వే విషయం కాదు. వాడు తిరిగే దారిలో, ముఖ్యంగా గిన్నె దగ్గరా మలుపుల దగ్గరా, రబ్బరు చాపలో పాత తివాచీలో పరవండి. పడుకోవడానికి మందపాటి పరుపు వెయ్యండి. గట్టి నేల మీద పడుకుని లేస్తుంటే మోచేతి దగ్గర నీరు చేరి మెత్తగా ఉబ్బుతుంది, చాలామంది కణితి అనుకుని హడలిపోతారు. డాక్టరుకు చూపించండి గానీ, సూదితో నీరు తీయించాలని మీరే తొందరపెట్టకండి, లోపల చీము పట్టే ప్రమాదముంది. ఉబ్బు చిన్నగా ఉన్నప్పుడే పడక మెత్తగా చేస్తే చాలావరకు తగ్గిపోతుంది. మేడమెట్లకు చిన్న గేటు పెట్టించు. కారులోంచి దూకనివ్వకు. నడక సరిపోతుంది, ఆడుకుని అలిసిపోతే వాడే పడుకుంటాడు. ఎప్పుడైనా ఒక కాలు, కొన్నాళ్లకు ఇంకో కాలు కుంటితే అది ఎదిగే ఎముకల నొప్పి కావచ్చు, సాధారణంగా దానంతట అదే పోతుంది. అయినా చూపించాలి. ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్ర మాత్రం వెయ్యకూడదు, అది కుక్కలకు విషం.

ఇక మీ అమ్మ సంగతి. ఈ జాతికి మనిషిని ఆనుకుని నిలబడే అలవాటు ఉంది. ప్రేమే, కాదనను. కానీ 60 కిలోల ప్రేమ పక్కనుంచి వచ్చి ఆనితే వదిన మోకాళ్లు తట్టుకోలేవు. ఇప్పుడు, ఏడెనిమిది కిలోలు ఉన్నప్పుడే నేర్పాలి: నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే పలకరింపు, మీదికి ఎగబాకితే ముఖం తిప్పుకోవడం. ఇంటిల్లిపాదీ ఒకే పద్ధతి పాటించాలి. నువ్వు ఆఫీసు నుంచి రాగానే సరదాగా ముందుకాళ్లు భుజాల మీద వేయించుకున్నావంటే, ఇంట్లో మిగతావాళ్ల కష్టమంతా వృథా. సోఫా సంగతీ అంతే, ఎక్కవచ్చో కూడదో ఇవాళే తేల్చుకోండి. తోక గురించి ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతున్నాను. పెద్దయ్యాక అది సరిగ్గా టీపాయ్ ఎత్తులో ఊగుతుంది, కాఫీ గ్లాసులు ముందు పోతాయి. సంతోషంలో గోడకేసి కొట్టుకుని కొస చిట్లిందంటే గోడంతా నెత్తురు చిమ్ముతుంది, ఆ పుండు ఒక పట్టాన మానదు. వాకిట్లోకి వచ్చేచోట ఇరుకు లేకుండా చూడు.

చంటిదాన్నీ వాడినీ ఒంటరిగా ఒక గదిలో వదలకండి, ఎంత మంచివాడైనా సరే. గుర్రం ఆట అసలే వద్దు, ఆ నడుము మోయడానికి కాదు. తింటున్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ వాడి జోలికి వెళ్లకూడదని పిల్లలకు నేర్పండి. నోట్లో ఏదైనా పట్టుకుంటే లాక్కోవద్దు, ఇంకేదైనా ఇచ్చి మార్చుకోవాలి. లాక్కుంటే దాచుకోవడమో మింగెయ్యడమో నేర్చుకుంటాడు. పిల్లల సాక్సులు పేగుల్లో అడ్డుపడి ఆపరేషను దాకా వెళ్లిన కుక్కలు చాలానే ఉన్నాయి, విడిచిన బట్టలు నేల మీద ఉండకూడదు. సాయంత్రం పూట పిచ్చిపట్టినట్టు పరుగెత్తి కాళ్లు కొరుకుతున్నాడంటే చాలాసార్లు అది నిద్ర చాలకపోవడమే. ఈ వయసులో రోజుకు 18 గంటలు పడుకోవాలి, ఇంటినిండా పిల్లలుంటే ఆ నిద్ర దొరకదు. వాడికంటూ ఒక మూల కేటాయించండి.

టీకాలు పదహారు వారాల దాకా సాగుతాయి, అవి పూర్తయ్యేవరకు వీధికుక్కలు తిరిగేచోట దింపకూడదు, పార్వో అనే వైరస్ జబ్బు ప్రాణాంతకం. అయితే లోకాన్ని చూసి బెదరకుండా ఉండటం నేర్చుకునేదీ పద్నాలుగు వారాల లోపే. అందుకని ఒళ్లో పెట్టుకుని తిప్పు. ఆటో చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, డప్పులు, ఇంట్లో మిక్సీ, కుక్కర్ విజిల్ అన్నీ పరిచయం కావాలి. చిన్న కుక్క బెదిరి మొరిగితే జనం నవ్వుతారు, భీముడు మొరిగితే పోలీసులను పిలుస్తారు. నగరపాలక సంస్థ లైసెన్సు కూడా తీసుకో. ఏడాది దగ్గర పడ్డాక నేర్పినవన్నీ మరిచిపోయినట్టు ప్రవర్తిస్తాడు, అప్పుడు చెయ్యి చేసుకోవద్దు, మళ్లీ మొదటినుంచి నేర్పాలి.

చివరగా, ఈ జాతిని ఎక్కువగా బలితీసుకునేది కడుపు ఉబ్బి మెలితిరగడం. పొట్ట బిగుసుకుపోతుంది, వాంతి చేసుకోబోతాడు, ఏమీ రాదు, చొంగ కారుస్తూ నిలకడ లేకుండా తిరుగుతాడు. గంటల్లో ప్రాణం పోతుంది, తెల్లారాక చూద్దామనుకోవడానికి వీల్లేదు. తిండి ఒకేసారి కాకుండా విడతలుగా పెట్టాలి, తిన్న వెంటనే పరుగులు వద్దు. ఎత్తు స్టాండు మీద గిన్నె పెడితే మంచిదని దుకాణంలో చెబుతారు. పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2000లో ప్రచురించిన పరిశీలనలో మాత్రం అలా తినే పెద్ద కుక్కలకే ఈ ముప్పు ఎక్కువగా కనబడింది, కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకో. కడుపు మెలితిరగకుండా దాన్ని పొట్ట లోపలి గోడకు కలిపి కుట్టే ఆపరేషను ఉంది, పిల్లలు పుట్టకుండా చేయించేటప్పుడే అదీ చేయించవచ్చు. అది ఎదుగుదల పూర్తయ్యాకే, డాక్టరును అడిగి.

దసరాకు వస్తాను. ఈలోగా మీ ఊళ్లో అర్ధరాత్రి కూడా ఆపరేషను చేసే పశువుల ఆసుపత్రి ఏదో కనుక్కుని, నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంచు. వాణ్ణి పడుకోబెట్టి తీసుకెళ్లే బండి ఎవరిదో కూడా ముందే మాట్లాడిపెట్టుకో, మీ చిన్న కారు వెనక సీటు ఇంకో నాలుగు నెలలకు చాలదు.

ఇట్లు,
మీ అత్తయ్య