పాత విమానాల రెక్కలు బాగుచేసే పనికి ఏ చదువు చదివించాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్మీడియట్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెస్నా, పైపర్ వంటి పాత చిన్న విమానాల రెక్కలు విప్పి, తుప్పు తిన్న భాగాలను మార్చే వీడియోలు చూస్తూ, ఆ పనే నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. బంధువులేమో బీటెక్ ఏరోనాటికల్‌లో చేర్చమంటున్నారు. అసలు అది ఉద్యోగమేనా? అయితే దానికి దారి ఏది? – ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అది నిజమైన వృత్తే. కాని మన దేశంలో మొదటి ఉద్యోగంగా దొరికే వృత్తి కాదు. ఇక బీటెక్ ఏరోనాటికల్ ప్రధానంగా విమానం రూపకల్పనకు, విశ్లేషణకు సంబంధించిన చదువు. ఆ పట్టా ఒక్కటే ఉన్నవారికి, బాగుచేసిన విమానాన్ని సేవలోకి విడుదల చేస్తూ సంతకం పెట్టే అధికారం రాదు. ఆ అధికారం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఇచ్చే విమాన నిర్వహణ ఇంజనీరు (ఏఎంఈ) లైసెన్సుతోనే వస్తుంది. మీ అబ్బాయి కోరుకుంటున్నది చేతిపని గనుక అతనికి తగిన దారి ఏఎంఈ శిక్షణే.

ఆ పని ఎటువంటిదో మీకూ కొంత తెలియాలి. ఆ విమానాల రెక్కలకు ఎక్కువగా వాడే, 2024 అనే సంఖ్యతో పిలిచే అల్యూమినియం మిశ్రమలోహంలో రాగి కలిసి ఉంటుంది. ఆ రాగి వల్లే దానికి బలం వస్తుంది, తుప్పును తట్టుకునే శక్తి తగ్గేదీ ఆ రాగి వల్లే. రేకులకు రెండు వైపులా శుద్ధమైన అల్యూమినియం పలుచని పొరగా అతికించి కాపాడతారు గాని, గీత పడిన చోట, రంధ్రాల అంచుల్లో ఆ రక్షణ ఉండదు. 1950లు, 60లలో తయారైన చిన్న విమానాల్లో చాలావాటికి రెక్క లోపల ప్రైమర్ పూత కూడా వేయలేదు. నిలిచిన తేమ, ఉప్పుగాలి, ఉక్కు బోల్టు అల్యూమినియంను తాకే చోటు, చివరికి రెక్కలో గూడు పెట్టిన ఎలుకల మూత్రం కూడా తుప్పుకు కారణాలే. అది ఇనుము తుప్పులా ఎర్రగా కాక, తెల్లటి లేదా బూడిదరంగు పొడిగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది రెక్క మీది భారాన్ని మోసే ప్రధాన దూలం, అంటే స్పార్‌లో, వచ్చేది. అక్కడ తుప్పు లోహపు రేణువుల మధ్య పాకి, పొరలను ఉల్లిపొరల్లా పైకి లేపుతుంది.

బాగుచేయాలా, మార్చాలా అన్నది కంటితో చూసి తేల్చే విషయం కాదు. ముందు తుప్పును పూర్తిగా తొలగించాలి; దానికి ఉక్కు పీచును గాని ఉక్కు బ్రష్షును గాని వాడకూడదు, ఎందుకంటే అల్యూమినియంలో ఇరుక్కున్న ఉక్కు నలుసులు కొత్త తుప్పుకు మూలమవుతాయి. తర్వాత మిగిలిన మందాన్ని కొలిచి, తయారీదారు ఇచ్చిన పరిమితితో పోల్చాలి. పరిమితిలో ఉంటే రసాయన పూత, ప్రైమర్ వేసి మూస్తారు. దాటితే అతుకు వేయడమో, భాగాన్నే మార్చడమో చేస్తారు. రెక్కకు ఆకారాన్నిచ్చే అడ్డుపట్టీని, అంటే రిబ్‌ను, పైరేకును మార్చడం కొంత సులువు. స్పార్‌ను మార్చాలంటే రెక్క మెలిక పడకుండా జిగ్ అనే చట్రంలో బిగించి, వందలాది రివెట్లను ఒక్కొక్కటిగా తొలచి తీయాలి, అది కూడా రంధ్రం పెద్దది కాకుండా. రంధ్రం కేంద్రం రేకు అంచు నుంచి కనీసం రివెట్ వ్యాసానికి రెండింతల దూరంలో ఉండాలన్నది సాధారణ నియమం. చెయ్యి జారి రంధ్రం పెద్దదైతే పై సైజు రివెట్ కావాలి, అప్పుడు ఆ దూరం చాలకపోవచ్చు. అంతవరకు మంచిగా ఉన్న రేకు కూడా అలా పనికిరాకుండా పోతుంది. ఈ ఖర్చంతా కలిపితే విమానం వెలనే మించే సందర్భాలున్నాయి, అప్పుడు యజమానికి ఆ మాట నిర్మొహమాటంగా చెప్పడం కూడా ఈ వృత్తిలో భాగమే.

ఇంత జాగ్రత్త ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. 2019 మే 26న ఆస్ట్రేలియాలోని మౌంట్ ఐసా దగ్గర తక్కువ ఎత్తులో సర్వే చేస్తున్న సెస్నా 210 విమానం రెక్క గాలిలోనే విరిగి, అందులోని ఇద్దరూ మరణించారు. రెండు రెక్కలను కలిపే స్పార్ భాగంలో తుప్పు చేసిన చిన్న గుంట దగ్గర మొదలైన పగులు, లోహపు అలసటతో, అంటే పదేపదే పడే ఒత్తిడికి లోహం బలహీనపడడంతో, పెరుగుతూ పోయిందని దర్యాప్తులో తేలింది. మరుసటి సంవత్సరం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆ రకం విమానాల్లో ఆ భాగాన్ని ఎడ్డీ కరెంట్ పద్ధతిలో, అంటే లోహంలో విద్యుత్ ప్రవాహం పుట్టించి పగుళ్లను పట్టే పద్ధతిలో, పరీక్షించాలని ఆదేశించింది. ఈ పనిలో రాణించేది నేర్పు ఉన్న చెయ్యి మాత్రమే కాదు, పుస్తకంలో లేని మరమ్మతును ఎంత ఒత్తిడి వచ్చినా చేయనని చెప్పగల మనిషి. మీ అబ్బాయి స్వభావం ఎటువంటిదో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇప్పుడు చదువు సంగతి. ఇంటర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు సీఏఆర్-147 అనే శిక్షణ సంస్థల నిబంధన కింద డీజీసీఏ ఆమోదించిన సంస్థలో చేరవచ్చు. లైసెన్సులో తరగతులుంటాయి: బీ1.1 అంటే జెట్ వంటి టర్బైన్ ఇంజన్ల విమానాలు, బీ1.2 అంటే పిస్టన్ ఇంజన్ల విమానాలు. పాత చిన్న విమానాలు రెండో తరగతికి చెందుతాయి. అయినా ముందు బీ1.1 తీసుకోమనే నేను చెబుతాను, ఎందుకంటే మన దేశంలో ఉద్యోగాలు ఎక్కువగా జెట్ విమానాల చుట్టూనే ఉన్నాయి. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ వంటి పెద్ద మరమ్మతు కేంద్రాలు పనిచేసేది వాటి మీదే. లోహాలు, తుప్పు, రివెటింగ్ పద్ధతులు చెప్పే మాడ్యూళ్లు (పాఠ్యభాగాలు) రెండు తరగతులకూ ఉమ్మడిగా ఉంటాయి గనుక, పిస్టన్ ఇంజన్ మాడ్యూల్‌ను తర్వాత కలుపుకోవచ్చు. ప్రతి పరీక్షలోనూ 75 శాతం రావాలి. పరీక్షలు పాసైనంత మాత్రాన లైసెన్సు రాదు, పనిచేస్తున్న విమానాల మీద నిర్ణీత కాలం అనుభవం కూడా చూపాలి.

అందువల్ల సంస్థను ఎంచుకునేటప్పుడు రంగురంగుల కరపత్రాలను పక్కనబెట్టి, దాని పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో, ఆమోదం ఏ తరగతికి ఉందో, ముఖ్యంగా అనుభవం కోసం విద్యార్థులను ఏ మరమ్మతు కేంద్రానికి పంపుతారో రాతపూర్వకంగా అడగండి. చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆ గడప దాటి వచ్చేయండి. ఫీజు భారమనిపిస్తే, కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో ట్రేడ్ చదివి, నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలుకు ప్రయత్నించడం గౌరవప్రదమైన మరో మార్గం. దానితో విమాన లైసెన్సు రాదు గాని, ఉప్పునీటి పక్కన లోహంతో బతకడం అక్కడ నేర్చుకున్నంతగా తరగతి గదిలో నేర్చుకోలేరు.

పాత విమానాలే కావాలంటే మన దేశంలో అవకాశాలు తక్కువ. పౌర రంగంలో పైలట్ శిక్షణ సంస్థల చిన్న విమానాలే ప్రధాన ఆధారం. వైమానిక దళపు వింటేజ్ ఫ్లైట్‌లో టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా విమానాలున్నాయి, కాని అది చిన్న విభాగం. పైగా టైగర్ మాత్ రెక్కలు చెక్క, గుడ్డలతో చేసినవి గనుక ఆ విద్యే వేరు. ఈ పని విస్తారంగా ఉన్నది అమెరికాలో. అక్కడి విమాన మెకానిక్‌లకు ఇచ్చే, విమాన దేహం, ఇంజన్ అనే రెండు విభాగాల ఏ అండ్ పీ సర్టిఫికెట్‌కు ఆమోదిత పాఠశాల చదువైనా ఉండాలి, రెండు విభాగాలకూ కలిపి 30 నెలల అనుభవమైనా చూపాలి. మన లైసెన్సు అక్కడ నేరుగా చెల్లదు. కాబట్టి దాన్ని పదేళ్ల తర్వాతి గమ్యంగా పెట్టుకోమనండి.

ఆరోగ్యం సంగతి వీడియోల్లో చెప్పరు. పాత ప్రైమర్లలోని క్రోమేట్ క్యాన్సర్ కారకం, రివెట్ గన్ చప్పుడు వినికిడిని తినేస్తుంది. మాస్కు, చెవి రక్షణ అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

చేర్పించే ముందు ఒక పరీక్ష పెట్టండి. బీచ్ రోడ్డులో పాత నౌకాదళ విమానాన్ని ఉంచిన టీయూ-142 మ్యూజియానికి తీసుకువెళ్లి, రివెట్ వరుసల వెంట, రేకుల అతుకుల దగ్గర ఏం కనిపిస్తోందో అతనిచేతనే రాయించండి. తర్వాత ఈ వేసవిలో ఆటోనగర్‌లో రేకుపని చేసే షెడ్డులో, తెలిసినవారి పర్యవేక్షణలో కొన్ని వారాలు పనికి పంపండి. రెండు అల్యూమినియం రేకులను రివెట్లతో కలిపి, ఆ రివెట్లనే రంధ్రం చెడకుండా తొలచి తీసి, మళ్లీ కలపమనండి. విసుగు లేకుండా అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే, సంస్థల జాబితా తీసి ఫీజుల గురించి మాట్లాడుకుందాం.