అల్లుడూ, వీడియో కొనేముందు ఇది చదువు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ముంబై ఆర్ట్ గ్యాలరీలో చూసిన, పెయింటింగ్‌లా కళాఖండంగా అమ్మే ఆ వీడియో రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదని, అడ్వాన్స్ కట్టేస్తానని ఫోన్లో అన్నావు. అంతగా పట్టుకుందంటే కొనదగ్గదే. కానీ డబ్బు పంపేముందు గ్యాలరీవాళ్లని ఒక్క మాట అడుగు, నా చేతికి ఏమేం వస్తాయని. పెన్‌డ్రైవ్, బిల్లు అని ఊరుకుంటే నువ్వూ ఊరుకో.

నువ్వు కొనేది ఒక ఎడిషన్‌రా. ఆర్టిస్టు ఐదు కాపీలే అమ్ముతానని మాటిస్తాడు, ఒకటో రెండో తన దగ్గర ఉంచుకుంటాడు. నీది ఐదింట్లో ఎన్నోదో రాసి సంతకం పెట్టిన కాగితమే సర్టిఫికెట్. ఫైలు ఎవడైనా కాపీ కొట్టొచ్చు, ఆ కాగితం లేకపోతే రేపు నీ దగ్గర కొనేవాడుండడు. నా మొదటి సర్టిఫికెట్‌ని, నీ టెన్త్ మార్కుల లిస్టుకి చేయించినట్టే, వీధి చివర జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను! అది చూసి ఒక కన్జర్వేటర్, అంటే కళాఖండాలు పాడవకుండా చూసే నిపుణురాలు, తల పట్టుకుంది. వేడికి జిగురు కాగితంలోకి దిగిపోయింది, ఇక ఊడదీయలేం.

ఇంకో దెబ్బ 2006లో కొన్న డీవీడీతో తిన్నాను. బీరువాలో మీ అత్తయ్య పట్టుచీరల పక్కన దాచాం. తొమ్మిదేళ్ల తర్వాత తీసి వెలుతురుకి పట్టి చూస్తే వెండి పొర మీద కాఫీ చుక్కల్లా మచ్చలు. పదకొండో నిమిషం దగ్గర బొమ్మ ముక్కలుముక్కలై ఆగిపోయేది. లామినేషన్‌లో ఉన్నా సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఆర్టిస్టు కొత్త ఫైలు ఇచ్చాడు, పాపం మంచివాడు. నువ్వు మంచితనం మీద ఆధారపడకు. ప్రోరెస్ లాంటి నాణ్యత ఎక్కువుండే వీడియో ఫార్మాట్‌లో మాస్టర్ ఫైలు, అంటే అసలు ఫైలు, రోజూ ప్లే చేసుకోడానికి వేరే ఫైలు, పాడైతే మరో కాపీ, ఫార్మాట్లు మారినప్పుడు మార్చుకునే అనుమతి, అన్నీ అగ్రిమెంట్‌లో రాయించుకో. మాస్టర్‌ని మూడు చోట్ల పెట్టు, ఒకటి ఊళ్లో మీ అమ్మ దగ్గర. ఏడాదికోసారి డ్రైవ్‌ని కంప్యూటర్‌కి తగిలించి చెక్‌సమ్, అంటే ఫైలు మారిందో లేదో చెప్పే అంకెల గుర్తు, పోల్చి చూసుకో.

ఈ పాట్లన్నీ మనకంటే ముందే పడ్డవాళ్లున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పమేలా, రిచర్డ్ క్రామ్లిక్ దంపతులు. టైర్లు, నిచ్చెనలు, కెటిళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే అరగంట వీడియో ఒకటుంది, స్విట్జర్లాండ్ ఆర్టిస్టులు ఫిష్లీ, వైస్ 1987లో చేశారు. క్రామ్లిక్ దంపతుల కలెక్షన్ దానితోనే మొదలైంది. 1997లో న్యూ ఆర్ట్ ట్రస్ట్ పెట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, లండన్‌లలోని పెద్ద మ్యూజియంలతో కలిసి ఇలాంటి కళాఖండాల్ని ఎలా కొనాలి, ఎలా అరువివ్వాలి, ఎలా కాపాడాలి అని 'మ్యాటర్స్ ఇన్ మీడియా ఆర్ట్' పేరుతో మార్గదర్శకాలు తయారు చేయించారు. ఉచితమే. లాయర్‌కి ఫీజు కట్టేముందు అది చదువు.

కాపీరైట్ మాత్రం ఆర్టిస్టుదే. ఇంట్లో నీ ఇష్టం గానీ, వినాయక చవితికి క్లబ్‌హౌస్‌లో తెర కట్టి వేస్తానంటే అనుమతి కావాలి.

టీవీ సంగతి. పాత 4:3 వీడియోని, అంటే పాత టీవీల్లా దాదాపు చదరంగా ఉండేదాన్ని, వెడల్పు తెర నిండా సాగదీయకు, మొహాలు గుమ్మడికాయల్లా అవుతాయి. పక్కల నల్లగా ఉంటే ఉండనీ. టీవీలో కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ సెట్టింగ్ ఆపెయ్, లేకపోతే ఎంత గొప్ప వీడియో అయినా సాయంత్రం సీరియల్‌లా కనబడుతుంది. పాత డబ్బా టీవీ మీదే వెయ్యాలని ఆర్టిస్టు రాసుంటే, స్పేర్‌గా ఇంకోటి వెతికి పెట్టుకో. కొత్తవి ఇప్పుడెవరూ చెయ్యట్లేదు.

అగ్రిమెంట్ డ్రాఫ్ట్ రాగానే వాట్సాప్‌లో పంపు, చదివి చెప్తాను. ధర మాత్రం మీ అత్తయ్య ముందు అనకు.

మామయ్య