ముందుగాల పోరడు ఏడున్నడో చెప్పు

ప్రశ్న: హనుమకొండలో లా చివరి ఏడాది చదువుతున్నాను. విదేశాల్లో నిర్బంధంలో ఉన్న మనవాళ్ల తరఫున నిలబడే పౌరహక్కుల లాయర్ కావాలని ఉంది. వరంగల్‌లో ఉండి అది కుదురుతుందా? దాంతో ఇల్లు గడుస్తుందా మేడమ్?
– ఒక విద్యార్థి

జవాబు: కుదురుతుంది. కానీ వాదనల సంగతి మర్చిపోండి. దుబాయ్ కోర్టులోనైనా, అమెరికా ఇమిగ్రేషన్ కోర్టులోనైనా మన నల్లకోటు చెల్లదు. మన పనంతా ఇక్కడి కాగితాలతోనే.

ఇలాంటి కేసుతో నా దగ్గరికి మొదట వచ్చింది జగిత్యాల వైపు నుంచి ఒకామె. కొడుకు గల్ఫ్‌లో కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని వదిలేసి ఖల్లివల్లి (కాగితాలు లేని కూలీ) అయ్యాడు. నెల నుంచి ఫోన్ లేదు. ఆమె చేతిలో మడతలు పడ్డ పాస్‌పోర్టు జిరాక్సు ఒక్కటే ఉంది. నేను రాజ్యాంగం, ప్రాణానికీ స్వేచ్ఛకూ హామీ ఇచ్చే 21వ అధికరణం అంటూ మొదలుపెట్టాను. "అవన్నీ తర్వాత బిడ్డా, ముందుగాల పోరడు ఏడున్నడో చెప్పు" అంది. విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, ఎంబసీకి రాశాం. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు వెనక. అక్కడి రికార్డులో ఇంటిపేరే పిల్లాడి పేరై కూర్చుంది! పాస్‌పోర్టు నంబరుతో వెతికిస్తే జైల్లో దొరికాడు. ఔట్‌పాస్ (పాస్‌పోర్టు బదులు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం) వచ్చి ఇల్లు చేరడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఎంబసీ అసలు పలకకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు, అప్పుడు ఆ అవసరం రాలేదు.

అమెరికాది వేరే తలనొప్పి. క్రిమినల్ కేసులో ఇరుక్కున్న పేదవాడికి ప్రభుత్వమే లాయర్‌ను పెట్టాలని వాళ్ల సుప్రీంకోర్టు 1963లో చెప్పింది. ఇమిగ్రేషన్ కేసు మాత్రం సివిల్ లెక్క. చేతికి బేడీలు వేసినా సివిలే. లాయర్ ఖర్చు మనదే. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవలో మన తెలుగు పిల్లలు చాలామంది పట్టుబడ్డారు. వల వేయడానికి ఆ నకిలీ యూనివర్సిటీని నడిపింది అక్కడి అధికారులే. అప్పుడు ఫోన్ చేసిన తల్లిదండ్రులకు రెండే చెప్పాను: అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దనండి, 'ఏ' నంబరు, అంటే అక్కడి ఇమిగ్రేషన్ ఫైలు నంబరు అడిగి రాసుకోండి. ఆ నంబరు, పుట్టిన దేశం కొడితే ఎక్కడ ఉంచారో ఆన్‌లైన్‌లో తెలుస్తుంది. ఒకబ్బాయి మాత్రం టెన్షన్‌లో అప్పటికే సంతకం పెట్టేశాడు. ఆ తర్వాత మేం చేయగలిగింది పెద్దగా ఏమీ లేకపోయింది.

ఇక డబ్బు. నాకు అన్నం పెట్టేవి భూమి తగాదాలు, చెక్ బౌన్స్ కేసులు. జగిత్యాల ఆమె ఫీజు కింద సంచెడు పసుపు తెచ్చింది. వద్దనలేదు, మంచి పసుపు.

పరీక్షలయ్యాక ఒకసారి రండి. జిరాక్సులు ఒక కట్ట ఉంది, పేర్లు సరిచూడాలి.