ఫోన్ నంబరే ఫైలు నంబరు

పోయిన సంచికలో ఆసుపత్రి కాగితాల గురించి ఏమైనా అడగండి అన్నాను. వచ్చిన ఉత్తరాల్లో కాగితం ఊసే లేదు. అన్నీ లాగిన్లు, ఓటీపీలు, వెబ్‌సైట్లే. నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి మెడికల్ రికార్డుల గదిలో 26 ఏళ్లు పనిచేశాను. సగం సర్వీసు చెదపురుగులతో, మిగతా సగం కంప్యూటర్లతో. చెదలు తిన్న ఫైలు కంటికి కనబడేది. కంప్యూటర్లో పడ్డ తప్పు కనబడదు. నాకు తెలిసిన తేడా అదొక్కటే. ఇక ఉత్తరాలు.

మేడమ్ గారూ, నేను రిటైర్డ్ టీచర్ని, బ్రాడీపేటలో ఉంటాను. నేను చూపించుకునే ఆసుపత్రిలో రిపోర్టులన్నీ ఇక వాళ్ల వెబ్‌సైట్‌లోని పోర్టల్‌లోనే చూసుకోమన్నారు. లాగిన్ కొడితే ఓటీపీ బెంగళూరులో ఉన్న మా అబ్బాయికి వెళ్తోంది. వాడు మీటింగ్‌లో ఉంటాడు, ఫోన్ ఎత్తేసరికి ఓటీపీ టైము అయిపోతుంది. ప్రతిసారీ వాణ్ని విసిగించడం నాకే మొహమాటంగా ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

మాస్టారూ, మీరు మొదటిసారి వెళ్లిన రోజు కౌంటర్లో అమ్మాయి "ఫోన్ నంబర్?" అని అడిగి ఉంటుంది. పక్కనున్న అబ్బాయి తనది చెప్పేసి ఉంటాడు. ఆ పది అంకెలు బిల్లు మీద అచ్చు వేయడానికేలే అనుకుంటాం. అది తాళంచెవి అండీ. పోర్టల్‌కి మీ మొహం తెలియదు, ఆ నంబరే తెలుసు. తోడొచ్చిన బావమరిది నంబరు, ఊళ్లో ఆర్ఎంపీ నంబరు, చివరికి బస్టాండు నుంచి తీసుకొచ్చిన ఆటో అతని నంబరు కూడా నేను రిజిస్టర్లో చూశాను. అప్పట్లో ఇబ్బంది లేదు, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తి కబురు చెప్పేవారు. ఇప్పుడైతే మీ స్కానింగ్ రిపోర్టు నేరుగా ఆ ఆటో అతని ఫోన్‌కే పోతుంది.

మార్పించుకోవడం పెద్ద పనేం కాదు. డాక్టరు గారి గది ముందు కూర్చునే అమ్మాయిని అడగొద్దు, ఆమె చేతిలో ఉండదు. రిజిస్ట్రేషన్ కౌంటరుకో, మెడికల్ రికార్డ్స్ వాళ్ల దగ్గరికో వెళ్లండి. ఆధార్, పాత బిల్లు ఒకటి పట్టుకెళ్లండి. బిల్లు పైన యూహెచ్ఐడీ అనో ఎంఆర్ నంబర్ అనో ఉంటుంది, మీ ఫైలు నంబరు అదే. మొబైల్ నంబరు మార్చమని కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. "మార్చేశాం సార్" అన్నాక వెంటనే లేచి రాకండి. అక్కడే నిలబడి లాగిన్ కొట్టి, ఓటీపీ మీ ఫోన్‌కి వచ్చిందని చూసుకున్నాకే కదలండి. అబ్బాయి కూడా చూడాలంటారా, రెండో నంబరు పెట్టే వీలుందేమో అడగండి. లేకపోతే మీరే పీడీఎఫ్ దించి వాట్సాప్‌లో పంపండి.

పనిలో పనిగా "నా పేరు మీద ఇంకో ఫైలు నంబరేమైనా ఉందా" అని కూడా వెతికించండి. ఒకసారి ఇంటిపేరుతో, ఒకసారి పొడి అక్షరంతో, ఒకసారి స్పెల్లింగు మార్చి రాస్తే ఒకే మనిషికి మూడు ఫైళ్లు పుడతాయి. ఒక ఫైల్లో మందు పడదని రాసి ఉంటుంది, ఇంకో ఫైల్లో అదే మందు రాసి ఉంటుంది. దీనికి తలకిందుల కేసు నా చేతి మీదుగానే జరిగింది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, వయసులో రెండేళ్లు తేడా. ఒకాయనది తెనాలి, ఇంకొకాయనది నందిగామ. తెనాలి ఆయన షుగరు రిపోర్టు తీసుకెళ్లి నందిగామ ఆయన ఫైల్లో పెట్టింది నేనే. పాపం ఆయన వారం రోజులు అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాడు, అదీ మేనకోడలి పెళ్లి వారంలో. మళ్లీ రక్తం తీస్తే గానీ బయటపడలేదు. ఆయన నన్నేమీ అనలేదు, లడ్డూలు మాత్రం గుర్తు చేసుకున్నాడు. ఆ రోజు నుంచి తండ్రి పేరు అడక్కుండా నేను ఏ ఫైలూ ముట్టుకోలేదు.

ఈ నంబరు గొడవలో చాలామందికి తెలియనిది ఇంకోటుంది. రీఛార్జి చేయక ఆగిపోయిన సిమ్ నంబరు ఎప్పటికీ ఖాళీగా ఉండిపోదు. కనీసం 90 రోజులు ఆపి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ పాత నంబరు ఆసుపత్రి కంప్యూటర్లో అలాగే ఉంటే మీ రిపోర్టుల కబుర్లు ఆ కొత్త మనిషికి చేరతాయి. సిమ్ మార్చినప్పుడు బ్యాంకుకి, గ్యాసు కంపెనీకి చెబుతాం. ఆసుపత్రికి చెప్పినవాళ్లను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

మా అత్తగారు పది రోజులు ఆసుపత్రిలో ఉండి డిశ్చార్జి అయ్యారు. ఇంకో డాక్టరుకి చూపిద్దామని కేస్ షీట్ కాపీ అడిగితే "పోర్టల్‌లో ఉన్నదే మీకు" అంటున్నారు. అందులో డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఉంది.
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

పోర్టల్‌లో పెట్టేది వాళ్లు పెట్టదలచుకున్నదే అమ్మా. ఫైలంతా అందులో ఉండదు. వైద్యుల వృత్తి నియమావళి 2002లో వచ్చింది. దాని ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచాలి. పేషెంటు గానీ, ఆమె తరఫున అధికారం ఉన్న అటెండెంటు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పంపేస్తారు. అత్తగారి సంతకంతో అర్జీ రాసి, మెడికల్ సూపరింటెండెంట్ పేరు మీద ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. జిరాక్సు ఖర్చు అడిగితే ఇచ్చేయండి, దానికి గొడవ పడొద్దు. స్కానింగ్ సీడీ కూడా అడగండి, రెండో డాక్టరుకి రిపోర్టు కన్నా బొమ్మలతోనే ఎక్కువ పని.

ఆభా కార్డు తీసుకోకపోతే ఇక చూడరా? తీసుకుంటే మన జబ్బులన్నీ ఢిల్లీకి తెలిసిపోతాయా?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

రెండూ కాదు. ఆభా అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా, 14 అంకెల నంబరు. ఉచితం, తీసుకోవడం మీ ఇష్టం. రికార్డులు ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. ఇంకో డాక్టరు చూడాలంటే మీ ఫోన్‌కి అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తుంది, మీరు సరే అంటేనే కదులుతుంది. ఆభా ఉన్నవాళ్లు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ చీటీకి ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేస్తే పేరు, ఊరు వాటంతటవే పడి టోకెన్ వస్తుంది. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఆ క్యూ తప్పడం ఒక్కటే చాలు. ఇక్కడా మీ సొంత మొబైల్ నంబరే ఇవ్వండి.

మాస్టర్ చెకప్ చేయించుకున్నాను. రాత్రి 11 గంటలకు పోర్టల్‌లో రిపోర్టు వచ్చింది, రెండు చోట్ల ఎర్ర అక్షరాలు. డాక్టరు గారి అపాయింట్‌మెంట్ ఎల్లుండి. టెన్షన్‌తో నిద్రపట్టలేదు.
— ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

డాక్టరు కన్నా ముందు రిపోర్టు మనకు చేరడం అనే ఈ ముచ్చట అమెరికాలో ఇంకా ఎక్కువ. అక్కడ 2016లో చేసిన ఒక చట్టం కింద, 2021 ఏప్రిల్ నుంచి రిపోర్టు తయారుకాగానే పేషెంటుకి కనబడాలి. మన పిల్లలు అక్కణ్నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసి "అమ్మా, ఇది ఏంటి" అని అడిగేది అందుకే.

ఆ ఎరుపు కంప్యూటరు వేసింది, డాక్టరు కాదు. పక్కన "నార్మల్" అని రాసే అంకెల్ని మామూలుగా ఎలా కడతారంటే, ఆరోగ్యంగా ఉన్న వందమందిని పరీక్షిస్తే 95 మంది ఎక్కడ పడతారో ఆ మేర గీత గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని అయిదుగురు కూడా గీత బయటే ఉంటారు. మాస్టర్ చెకప్‌లో ఒకటి కాదు, ఇరవై ముప్పై పరీక్షలు. అన్నిట్లోనూ గీత లోపలే ఉన్న రిపోర్టు వస్తే నేనే రెండుసార్లు చూసేదాన్ని. అలాగని ఎరుపంతా ఉత్తదే అనడం లేదు. గీతకి వెంట్రుకవాసి దాటడం వేరు, రెట్టింపు కావడం వేరు. పొటాషియం లాంటివి ప్రమాదకరంగా ఉంటే మామూలుగా ల్యాబు వాళ్లే డాక్టరుకి ఫోన్ చేస్తారు, ఎల్లుండిదాకా ఆగరు. ఒంట్లో బాగోకపోతే మీరూ ఆగొద్దు. బాగానే ఉంటే పాత రిపోర్టు తీసి పక్కన పెట్టుకుని, రెండిటినీ డాక్టరు గారి ముందుంచండి. ఈలోగా నెట్‌లో వెతక్కండి, రాత్రి పదకొండు తర్వాత అసలు వద్దు.

డాక్టరు గారి నంబరు కోసం నెట్‌లో వెతికి ఫోన్ చేశాను. అపాయింట్‌మెంట్‌కి 10 రూపాయలు కట్టమని ఒక యాప్ పంపారు. వేసుకున్నాక అకౌంట్లో 48,000 పోయాయి.
— ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

ఉత్తరం రాసేలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటారనుకుంటున్నాను. చేయకపోతే ఇది పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి, తర్వాత బ్యాంకుకి. ఆ యాప్ ఉన్న ఫోన్లో నెట్ ఆపేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలుతో, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా పంపే యాప్‌తో, ఏ ఆసుపత్రీ అపాయింట్‌మెంట్ ఇవ్వదు. నంబరు కావాలంటే పాత చీటీ మీద చూడండి. చీటీ లేకపోతే ఆ వీధి మెడికల్ షాపు అబ్బాయిని అడిగినా నెట్‌లో దొరికే నంబరు కన్నా నయం.

మేడమ్, కొత్తపేటలో మాకు చిన్న క్లినిక్ ఉంది. మావారు ఎముకల డాక్టరు. వెబ్‌సైట్ చేయిస్తామని ఒకళ్లు లక్ష రూపాయలు చెప్పారు. అందులో పేషెంట్ల వీడియోలు, ఆపరేషన్‌కి ముందు తర్వాత ఫొటోలు, చాటింగ్ బొమ్మ అన్నీ ఉంటాయట. పెట్టమంటారా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

ఈ ఉత్తరం చదివి నాకు హుషారొచ్చిందమ్మా. కొత్తపేటకి వచ్చేదెవరు? మాచర్ల, వినుకొండ, రేపల్లె నుంచి తెల్లవారుజామున బయల్దేరి, చేతిలో ఎక్స్‌రే కవరు, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లొచ్చేసరికి తలుపు మీద "డాక్టరు గారు ఊళ్లో లేరు" అని అట్టముక్క. నా ఉద్యోగంలో అంతకన్నా మనసు కష్టపెట్టిన దృశ్యం లేదు. మీ వెబ్‌సైట్ తెరవగానే మొట్టమొదట తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఆ ముక్కే కనబడాలి. ఈరోజు డాక్టరు గారు ఉన్నారా లేరా, ఎన్ని గంటల నుంచి, ఫీజు ఎంత, ఎన్ని రోజుల్లోపు మళ్లీ వస్తే ఫీజు అక్కర్లేదు, బస్టాండు నుంచి ఎలా రావాలి. నొక్కగానే ఫోన్ కలిసే బటను ఒకటి. తర్వాత పాత రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందుల డబ్బాలు తెచ్చుకోమని ఒక మాట. దీనికి లక్ష అక్కర్లేదు.

ఫొటోలు, వీడియోలు మాత్రం వద్దు. ఆ 2002 నియమావళిలోనే డాక్టరు పేషెంట్ల కోసం ప్రచారం చేసుకోవడం తప్పని ఉంది. పేషెంటు అనుమతి లేకుండా ఫొటో వేయడమూ తప్పే. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, అడ్రసు మారినప్పుడు, కొన్నాళ్లు లేనప్పుడు, తిరిగి వచ్చినప్పుడు ప్రకటించుకోవచ్చు, ఫీజులు చెప్పుకోవచ్చు. చూశారా, రూలు ఒప్పుకున్నవే మాచర్ల మనిషికి కావలసినవి కూడా. డాక్టరు గారి రిజిస్ట్రేషన్ నంబరు చీటీల మీద, క్లినిక్‌లో ఎలాగూ వేయాలి, సైటులో కూడా వేయండి.

అపాయింట్‌మెంట్ ఫారంలో పేరు, ఊరు, వయసు, ఫోను చాలు. జబ్బు వివరాలు, ఆధార్ అడగొద్దు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా పనికి కావలసినంత వరకే తీసుకోమంటోంది. అన్నిటికన్నా ముఖ్యం, డొమైన్ పేరు, అంటే మీ సైటు అడ్రసు, మీ సొంత ఈమెయిల్ మీద కొనిపించండి. సైటు చేసినవాడి పేరు మీద ఉంటే, రేపు వాడితో తేడా వస్తే మీ క్లినిక్ బోర్డు వాడి చేతిలో ఉన్నట్టే. సైటు పెట్టాక సెలవు సంగతి రోజూ మార్చేదెవరో కూడా ఇప్పుడే తేల్చండి. కాంపౌండరుకి అప్పగిస్తే వాడి ఫోన్లోంచే మార్చగలిగేలా చేయించండి.

ఇవన్నీ చెబుతున్నారు కదా, మీ రిపోర్టులు మీరెక్కడ దాచుకుంటారు?
— ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

ఒక కాపీ బిస్కెట్ల డబ్బాలో, సంవత్సరం వారీగా దారం కట్టి. ఇంకో కాపీ ఫోన్లో. మూడోది ఆసుపత్రి పోర్టల్‌లో ఉంది గానీ, ఈ ఉత్తరాలకు జవాబులు రాస్తూ నిన్న లాగిన్ కొట్టి చూశాను. ఓటీపీ మావారి పాత నంబరుకి వెళ్లింది. ఆయన పోయాక ఆ సిమ్ ఆపేసి రెండేళ్లయింది. సోమవారం ఆధార్, పాత బిల్లు పట్టుకుని రిజిస్ట్రేషన్ కౌంటర్ క్యూలో నేనూ ఉంటాను.