చీట్ కోడ్‌ల నుంచి ప్రోగ్రామింగ్ దాకా: ఏం నేర్చుకుంటారు, ఎక్కడ ఆగిపోతారు

ప్రశ్న: చిన్నప్పుడు గేమ్ హ్యాకింగ్ కమ్యూనిటీల్లో తిరగడం వల్లే ప్రోగ్రామింగ్ మీద ఇష్టం పుట్టిందని చాలామంది అంటారు. ఈ రెంటికీ నిజంగా సంబంధం ఉందా? ఇప్పుడు ఆ ఆసక్తి ఉన్న పిల్లలు ఏ వరసలో నేర్చుకుంటే మంచిది?

జవాబు:

చీట్ కోడ్, అంటే గేమ్‌లో ప్రాణాలో డబ్బో పెంచే రహస్య కోడ్, కొట్టినంత మాత్రాన ఏమీ రాదు. అందులో ఆ అంకెలే ఎందుకున్నాయని అడిగినప్పుడే చదువు మొదలవుతుంది. ఆ కమ్యూనిటీల గొప్పతనమంతా అక్కడే ఉంది. ఒకరు కోడ్ పెడతారు, ఇంకొకరు తమ వెర్షన్‌లో పనిచేయట్లేదంటారు, మూడోవారు అడ్రసు (మెమరీలో ఆ విలువ ఉండే చోటు నంబరు) ఎంత జరిగిందో లెక్కగట్టి సరిచేస్తారు. డీబగ్గింగ్ (తప్పు వెతికి సరిచేయడం) అన్న మాట తెలియకముందే ఆ పని అలవాటవుతుంది.

మొదటి ప్లేస్టేషన్‌లో వాడిన గేమ్‌షార్క్ అనే చీట్ పరికరం కోడ్‌నే తీసుకోండి. ఎడమవైపు 8 అంకెలు, కుడివైపు 4 అంకెలు, అన్నీ హెక్స్‌లో (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వాడే 16 అంకెల పద్ధతిలో) ఉంటాయి. ఎడమవైపు మొదటి రెండు అంకెలు చేయాల్సిన పని, మిగతా ఆరు అడ్రసు, కుడివైపువి విలువ. 80తో మొదలైతే ఆ అడ్రసులో 2 బైట్లు రాయి, 30తో మొదలైతే 1 బైటు రాయి అని అర్థం. డీ0తో మొదలైతే, అక్కడ ఆ విలువ ఉన్నప్పుడే కింది లైను అమలు చెయ్యి అని. ఫలానా బటన్ నొక్కితేనే ప్రాణాలు నిండే కోడ్‌లు ఇలాగే రాశారు. ప్రోగ్రామింగ్‌లో మొదటి రెంటినీ అసైన్‌మెంట్ (విలువ పెట్టడం), మూడోదాన్ని ఇఫ్ (షరతు) అంటారు. ఆ రోజుల్లో పిల్లలు వాటిని ఆ పేర్లతో పిలవలేదు, అంతే.

1990లో వచ్చిన గేమ్ జీనీ అనే ఇంకో చీట్ పరికరం దారి వేరు. అది మెమరీలో ఏమీ రాయదు. నింటెండో ఎన్ఈఎస్ మెషిన్‌కీ కార్ట్రిడ్జ్‌కీ మధ్య కూర్చుని, ఫలానా అడ్రసు చదవబోతే అసలు బైటుకు బదులు తన బైటు అందిస్తుంది. దాని కోడ్‌లలో 16 అక్షరాలే వాడతారు. అంటే ఒక్కో అక్షరం 4 బిట్లు, 6 అక్షరాల కోడ్ 24 బిట్లు. అందులో 15 అడ్రసుకు, 8 విలువకు పోతాయి. మరి కొన్ని కోడ్‌లకు 8 అక్షరాలెందుకు? పెద్ద గేమ్‌లు ఒకే అడ్రసు దగ్గర వేర్వేరు మెమరీ బ్యాంకులను, అంటే కార్ట్రిడ్జ్ మెమరీలోని ముక్కలను, మార్చి మార్చి పెడతాయి. తప్పు బ్యాంకులో వేలు పెట్టకుండా, అసలు బైటు ఇదైతేనే మార్చు అనే షరతుకు అదనంగా 8 బిట్లు కావాలి. ఈ ఒక్క కారణం అర్థమైన పిల్లలకి హార్డ్‌వేర్ పాఠం సగం వచ్చినట్టే.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ముందు సొంత ప్రోగ్రామ్‌నే హ్యాక్ చేయాలి. సీ భాషలో ఇరవై లైన్లు చాలు: హెల్త్ అనే పూర్ణాంకం 100తో మొదలై, ఎంటర్ నొక్కిన ప్రతిసారీ 7 తగ్గి, స్క్రీన్ మీద కనిపించాలి. ఆ వేరియబుల్‌ని వోలటైల్‌గా (ప్రతిసారీ మెమరీలోనే చదివి రాయమని చెప్పే మాట) ప్రకటించండి. లేకపోతే ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేసినప్పుడు కంపైలర్ దాన్ని ప్రాసెసర్ లోపలి చిన్న అర అయిన రిజిస్టర్‌లోనే ఉంచేయవచ్చు, మెమరీలో ఎంత వెతికినా దొరకదు.

తర్వాత చీట్ ఇంజిన్ అనే మెమరీ వెతికే టూల్‌లో ఆ ప్రోగ్రామ్‌ని ఎంచుకుని, 4 బైట్లు, కచ్చితమైన విలువ 100 అని స్కాన్ చేయండి. ఫలితాలు కుప్పలుగా రావచ్చు. ఎంటర్ నొక్కి, 93 కోసం నెక్స్ట్ స్కాన్, మళ్లీ 86 కోసం. మూడు నాలుగు సార్లకి ఒకటో రెండో మిగులుతాయి. ఆకుపచ్చగా కనిపిస్తే అది స్థిరమైన అడ్రసు. నల్లగా ఉంటే ప్రోగ్రామ్ మళ్లీ తెరిచినప్పుడు మారిపోవచ్చు. పాయింటర్ (ఇంకో చోటు అడ్రసుని దాచుకునే వేరియబుల్) ఎందుకో పుస్తకంలో అర్థంకానివాళ్లకి ఇక్కడ వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే నిన్న దొరికిన అడ్రసు ఇవాళ చెల్లదు. ఆ టూల్‌తోనే వచ్చే ట్యుటోరియల్‌ని తప్పకుండా చివరిదాకా చేయండి.

అసలు గేమ్‌లో స్కాన్ దొరక్కపోతే ముందు రకాన్ని అనుమానించండి. తెరమీద 64 అని ఉన్నా లోపల ఫ్లోట్ (దశాంశ సంఖ్య) కావచ్చు. పూర్ణాంకం 64 మెమరీలో 40 00 00 00 అనే బైట్లు, 64.0 అనే ఫ్లోట్ 00 00 80 42. రెంటికీ పోలికే లేదు. విలువ మార్చిన క్షణంలోనే పాతదానికి తిరిగిపోతుంటే, మీరు పట్టుకున్నది తెర కోసం చేసిన నకలు. అసలుది ఇంకెక్కడో ఉంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే మెట్టు దీని తర్వాతది: ఈ అడ్రసులో రాస్తున్న ఇన్‌స్ట్రక్షన్ ఏదో కనుక్కోవడం. హెల్త్ తగ్గించే ఆ ఒక్క లైన్‌ని నాప్‌లతో, అంటే ఏమీ చేయకు అని చెప్పే 90 (హెక్స్) బైట్లతో నింపితే దెబ్బ తగలదు. ఇన్‌స్ట్రక్షన్ 6 బైట్లయితే సరిగ్గా 6 నాప్‌లు పెట్టాలి. ఒకటి తగ్గినా మిగిలిన బైటుని ప్రాసెసర్ కొత్త ఇన్‌స్ట్రక్షన్‌గా చదువుతుంది, గేమ్ సాధారణంగా కూలిపోతుంది. సరిగ్గా పెట్టినా ఒక్కోసారి శత్రువులు కూడా చావడం మానేస్తారు. ఎందుకంటే దెబ్బ లెక్కగట్టే ఫంక్షన్ ఇద్దరికీ ఒక్కటే. అప్పుడు ఆటగాడి స్ట్రక్చర్‌నీ (ఒకరి వివరాలన్నీ వరసగా ఉండే మెమరీ ముక్క) శత్రువు స్ట్రక్చర్‌నీ పక్కపక్కన పెట్టి, తేడా చూపే ఫీల్డ్, బహుశా జట్టు నంబరు, వెతకాలి. ఫంక్షన్, స్ట్రక్చర్, ఆఫ్‌సెట్ (మొదటి నుంచి ఎన్ని బైట్ల దూరమో) మూడూ ఒక్క సమస్యలో వచ్చేస్తాయి. ఇంత బాగా కుదిరిన అభ్యాసం ఏ సిలబస్‌లోనూ దొరకడం కష్టం.

సేవ్ ఫైళ్లు ఇంతకంటే తేలిక. 5000 నాణేలుంటే హెక్స్‌లో అది 1388. చాలా ఫైళ్లలో 88 13 అని తిరగేసి ఉంటుంది కాబట్టి అలాగే వెతకండి. మార్చాక ఫైలు పాడైందని గేమ్ అంటే చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టే లెక్క) ఉన్నట్టు. ముందు కాపీ తీసుకోకుండా ముట్టుకోవద్దు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. పక్కవాళ్లు తయారుచేసిన అడ్రసుల టేబుళ్లు దించుకోవడం, నంబర్లు మార్చడం, అంతే. దాటాలంటే సొంత టూల్ రాయాలి. మొదటి టూల్‌గా ఐపీఎస్ ప్యాచర్‌ని సూచిస్తాను. రోమ్ హ్యాకింగ్, అంటే పాత గేమ్ ఫైలుని మార్చడం, చేసేవాళ్లు గేమ్‌ని కాకుండా, మార్పులను మాత్రమే పంచుకోవడానికి వాడే ఫైలు ఐపీఎస్. దాన్ని గేమ్‌కి అమర్చేది ప్యాచర్. మొదట ప్యాచ్ అనే ఇంగ్లీషు మాట, 5 బైట్లు. తర్వాత ప్రతి రికార్డుకీ 3 బైట్ల ఆఫ్‌సెట్, 2 బైట్ల పొడవు, ఆపైన డేటా. పొడవు సున్నా అయితే, తర్వాతి 2 బైట్లు ఎన్నిసార్లో, ఇంకో బైటు దేన్నో చెబుతాయి. చివర ఈఓఎఫ్ అనే మూడక్షరాలు. అంకెల్లో పెద్ద బైటు ముందుంటుంది, సేవ్ ఫైలుకి తిరగేసి. పైథాన్‌లో నలభై లైన్లు దాటదు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఈ, ఓ, ఎఫ్ అక్షరాల బైట్లు 69, 79, 70. వాటినే ఆఫ్‌సెట్‌గా చదివితే 4542278. ఎవరైనా సరిగ్గా ఆ చోట బైటు మారిస్తే, ప్యాచర్ అదే ఫైలు చివర అనుకుని సగంలో ఆగిపోతుంది. ప్యాచ్ తయారుచేసే ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఆ రికార్డుని ఒక బైటు ముందు నుంచి మొదలుపెట్టాలి. ఫైలు ఫార్మాట్ రూపొందించేటప్పుడు ఏం ఆలోచించాలో ఈ ఒక్క బగ్ చెబుతుంది.

విండోస్‌లో ట్రెయినర్ (నడుస్తున్న గేమ్ మెమరీని మార్చే చిన్న ప్రోగ్రామ్) రాయాలంటే ఓపెన్‌ప్రాసెస్, రీడ్‌ప్రాసెస్‌మెమరీ, రైట్‌ప్రాసెస్‌మెమరీ అనే మూడు ఫంక్షన్లతో మొదలుపెట్టొచ్చు. ఎర్రర్ 5 వస్తే అనుమతి లేదని, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. 299 వస్తే మీరు అడిగిన మెమరీలో కొంత భాగం చదవడానికి వీల్లేనిది. చాలాసార్లు అడ్రసు లెక్క తప్పడమే కారణం.

ఆన్‌లైన్ గేమ్‌ల జోలికి వెళ్లనివ్వకండి. ముఖ్యమైన విలువలు సర్వర్‌లో ఉంటాయి, మీ మెమరీలో ఉన్నది చూపించడానికే. దాన్ని మార్చి సాధించేది ఏమీ లేదు, ఖాతా మాత్రం పోతుంది, ఎదుటివాళ్ల ఆట చెడుతుంది. బదులుగా అసాల్ట్‌క్యూబ్ అనే షూటింగ్ గేమ్ ఉంది: దాని సోర్స్ కోడ్ అందరికీ దొరుకుతుంది, బాట్‌లతో (కంప్యూటర్ ఆడించే ఆటగాళ్లతో) ఒక్కరే ఆడుకోవచ్చు. మెమరీలో ఊహించిన స్ట్రక్చర్ నిజంగా అలాగే ఉందా అని ఆ సోర్స్‌ తెరిచి సరిచూసుకోవచ్చు.