మూసీ మీటింగ్‌లో మనమేం మాట్లాడాలి?

ప్రశ్న: అక్కా, మాది నాగోల్ దగ్గర మూసీ పక్కన కాలనీ. మూసీ నీళ్లు బాగుచేయడానికి సలహాలు చెప్పమని కాలనీవాళ్లు, మూసీ పక్కన పశువుల గడ్డి పెంచే రైతులతో కమిటీ వేశారు, నన్నూ పెట్టారు. నేను బీకామ్. వాళ్లు బీవోడీ అంటుంటే తల ఊపి వస్తున్నా. మేం పోయి ఏం లాభం?

జవాబు: తమ్ముడూ, ఒక్క మీటింగ్ కూడా మానకు. బీవోడీ అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో చెప్పే లెక్క, అంతే. స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, నీళ్లలో కరిగిన ఆక్సిజనేమో 5కి తగ్గకూడదు. శాంపిల్ ఎన్ని గంటలకు తీశారో కూడా అడుగు, ఎందుకంటే నాచున్న నీళ్లలో ఎండపూట ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది, తెల్లారుజామున అదే చోట పడిపోతుంది.

ఇక ఏ నాలా ఏ రోజు రంగు మారింది, వాన పడ్డ రాత్రి ఏ ఘాటు వాసనొచ్చింది, ఇవి చీకటితోనే గడ్డి కోయడానికి దిగేవాళ్లకి తెలుస్తాయి, ల్యాబ్‌కి తెలిసేది శాంపిల్ తీసిన రోజు సంగతే. నువ్వు బీకామ్ కదా, లెక్క రాయడం నీ పనే. వాళ్లనడిగి తేదీ, టైం, నాలా పేరు నోట్‌బుక్‌లో ఎక్కించు, ఫోన్లో ఫోటో తీసిపెట్టు.

2018లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ ప్రతి రాష్ట్రంలో నదుల కమిటీ వేయమంది, అందులో నలుగురూ ఆఫీసర్లే, రైతు లేడు. అందుకే మీ కమిటీ నాకు చాలా ముఖ్యం అనిపిస్తోంది. కానీ నాగోల్ దగ్గరే ఆగిపోవద్దు, మన మురుగంతా బీబీనగర్, వలిగొండ పొలాల మీదుగా వాడపల్లి దాకా పోయి కృష్ణలో కలుస్తుంది. ఓసారి పోచంపల్లి వైపు మూసీ మీది కత్వ (చిన్న అడ్డుకట్ట) కింద నాట్లేసి గట్టెక్కిన ఒక పెద్దమ్మ నాకు చేతులు చూపించింది, వేళ్ల సందుల్లో తోలు తెల్లగా ఉబ్బి పొక్కులు, కాస్త కొబ్బరినూనె రాసుకుని మళ్లీ మడిలోకి దిగింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

నేనూ ఇలాంటి కమిటీలో కూర్చున్నా, మేం చెప్పిందేదీ మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో ఏం మాట్లాడారో రాసిపెట్టే కాగితంలో రాలేదు, చాలా బాధేసింది. మీరు మాత్రం మినిట్స్ కాపీ చేతికొచ్చాకే లేవండి, ఒప్పుకోని సలహాకి ఎందుకు ఒప్పుకోలేదో రాసివ్వమనండి. ఆ పెద్దమ్మ లాంటివాళ్లని కమిటీలోకి తెమ్మని మొదటి మీటింగ్‌లోనే అడుగు, బస్సు ఛార్జీ, ఆ రోజు పోయిన కూలీ ఇప్పించమను, నాట్ల రోజుల్లో మీటింగ్ పెట్టొద్దని కూడా చెప్పు.